సాయం ఎవరికో ముందు వాళ్లనే అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎక్కడ భూకంపం వచ్చినా, యుద్ధం జరిగినా ఎన్ని టన్నుల సరుకు పంపారు, ఎవరెంత ఇచ్చారు అన్న వార్తలే వస్తాయి గానీ, అది అందుకున్నవాళ్లను ముందుగా ఎవరైనా అడిగారా లేదా అన్నది మాత్రం ఎవరూ రాయరు. నా బాధంతా అదే.

2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. శవాన్ని ముట్టుకుంటే జబ్బు అంటుకుంటుందన్నది నిజం, డాక్టర్లు చెప్పింది తప్పేం కాదు. కానీ ముఖం కూడా కనిపించని సూట్లు వేసుకొచ్చి, కన్నతల్లిని సంచిలో పెట్టి జిప్పు లాగి తీసుకుపోతుంటే, స్నానం చేయించనివ్వక, ప్రార్థన చేసుకోనివ్వక, ఎక్కడ పూడ్చారో కూడా చెప్పకపోతే ఏ కుటుంబం ఒప్పుకుంటుంది? చాలామంది రోగుల్ని ఇంట్లోనే దాచేశారు, గుట్టుగా ఖననం చేసుకున్నారు, దాంతో వైరస్ ఇంకా పాకింది. చివరికి ఆ ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మత సంస్థలతో, మానవశాస్త్ర నిపుణులతో కలిసి పద్ధతి మార్చింది. ముట్టుకోకుండానే ప్రార్థన జరిగేలా, కుటుంబం దగ్గరుండి చూసేలా, ముస్లింలైతే నీళ్లు లేకుండా చేసే శుద్ధికి, శవానికి చుట్టే బట్ట అయిన కఫన్‌కు వీలుండేలా. ఈ మాటలు మొదటి నెలలోనే అడిగి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

2010 హైతీ భూకంపం తర్వాత సహాయ సంస్థల సమన్వయ సమావేశాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, ఐక్యరాజ్యసమితి ప్రాంగణం లోపల జరిగాయి. క్రియోల్, ఫ్రెంచ్ మాట్లాడే స్థానికులు అక్కడ ఏం చెప్పగలరు?

అంత టైమ్ ఎక్కడుంటుంది అంటారు. మొదటి రోజు నీళ్లకీ మందులకీ ఎవర్నీ అడగక్కర్లేదు, ఒప్పుకుంటాను. శిబిరాలు మాత్రం నెలల తరబడి, ఒక్కోచోట ఏళ్ల తరబడి నడుస్తాయి కదా. మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలో అక్కడి ఆడవాళ్లను అడిగితే దారిలో లైటు కావాలని, లోపల గడియ ఉండాలని అప్పుడే చెప్తారు. అడక్కుండా కడితే రాత్రిపూట భయంతో ఎవరూ అటు వెళ్లరు, పెట్టిన డబ్బంతా వృథా.

రూల్స్ లేక కాదు. సహాయ నిర్వహణలో బాధితులకు చోటివ్వాలని రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి 1994లోనే చెప్పింది. నిధుల్లో కనీసం 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు వీలైనంత నేరుగా ఇస్తామని 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద దాతలు, సంస్థలు మాటిచ్చాయి, 2020 గడువు దాటినా ఆ మాట నిలబెట్టుకోలేదు. అన్నీ నిర్ణయించేశాక చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించుకుని దాన్నే భాగస్వామ్యం అంటున్నారు.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఈసారి సహాయక చర్యల గురించి రాసేటప్పుడు, ఆ నిర్ణయాలు తీసుకున్న కమిటీలో బాధితులు ఎంతమంది ఉన్నారో, వాళ్లు వద్దన్నది ఏదైనా ఆగిందో లేదో కూడా కనుక్కుని రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు