అంగన్‌వాడీ గదికి ఇంటి కళ కావాలి

సంపాదకులకు,

అయ్యా,

మూడేళ్లు నిండిన మా మనవరాలిని హనుమకొండలో ఇంటికి దగ్గరున్న అంగన్‌వాడీ కేంద్రంలో చేర్పించాము. గడప దాటనని పాప ఏడుస్తుంటే మొదటి వారమంతా నేనూ తోడుగా లోపలే కూర్చున్నాను. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నేను, ఒక తరగతి గదిని నేల మీద కూర్చున్న పిల్లల ఎత్తు నుంచి చూడడం అదే మొదటిసారి. చార్టులన్నీ నా తలకు పైన వేలాడుతున్నాయి. ఆట వస్తువులు తాళం వేసిన బీరువాలో ఉన్నాయి. వట్టి బండల మీద పిల్లలంతా ఒకేసారి మాట్లాడితే ఆ శబ్దం గోడలకు తగిలి మార్మోగుతోందే తప్ప, మెల్లగా మాట్లాడే పిల్లల గొంతు ఎవరికీ వినబడడం లేదు. టీచరమ్మ ఎంతో ఓపిక గల మనిషి. బొమ్మ విరిగితే లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయమే ఆమె చేత బీరువాకు తాళం వేయించింది.

కేంద్రాలను బాగుచేయడమంటే గోడల నిండా కార్టూన్ బొమ్మలు గీయించడమేనన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. అయితే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అలంకరణ మితిమీరిన గదిలో కిండర్‌గార్టెన్ పిల్లల ధ్యాస ఎక్కువగా చెదిరిందని, వారు తక్కువ నేర్చుకున్నారని తేలింది. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి తాను తెరిచిన బడికి 'పిల్లల ఇల్లు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుని, పిల్లల చేతికందే అలమరలు, వాళ్లే జరుపుకోగల చిన్న కుర్చీలు చేయించారు. మన అంగన్‌వాడీ పేరులోనూ ఇంటి ముంగిలి ఉంది.

ఇందుకు కావలసినవి మన దగ్గరే ఉన్నాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలను మన కొత్తవాడ నేతన్నలు నేస్తున్నారు. వాటిని కేంద్రాల కోసం కొంటే పిల్లలకు మెత్తని చోటు, గదికి నిశ్శబ్దం, మగ్గానికి పని దొరుకుతాయి. మన పాత ఇళ్ల గోడలకు ఉండే గూళ్లను పిల్లల చేతికందే ఎత్తులో కట్టిస్తే ఆట వస్తువులకు బీరువా అక్కరలేదు, కాకపోతే విరిగిన బొమ్మకు టీచరును బాధ్యురాలిని చేయబోమని అధికారులు ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. గది ముందు నీడ పడే అరుగు ఉంటే, కొత్తగా చేరిన బిడ్డ కుదురుకునేదాకా తల్లి అక్కడ కూర్చోగలుగుతుంది. ఏడుపు వచ్చిన బిడ్డ కాసేపు ఒంటరిగా ఒదిగి కూర్చోవడానికి ఒక మూల, పాత చీరతో కుట్టిన ఒక బొంత చాలు.

ఇంటి భాష కూడా ఇంటి కళలో భాగమే. ఏటూరునాగారం వైపు గూడేల్లో కోయ మాట, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ మాట విని పెరిగిన బిడ్డను మొదటి రోజే పుస్తక భాషలో పలకరిస్తే ఆ బిడ్డ నోరు మూతపడుతుంది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు చదువును ఒకే దశగా చూసిన 2020 జాతీయ విద్యా విధానం, వీలైన చోటల్లా ఇంటి భాషలోనే బోధించాలని చెప్పింది. ఆయా అదే ఊరి మనిషైతే, ఉదయం గడప దగ్గర పిల్లలను పలకరించే పని ఆమెకే అప్పగించవచ్చు.

ఈసారి మరమ్మతుల అంచనా వేయడానికి వచ్చే ఇంజినీరు, పర్యవేక్షకురాలు నిలబడి కొలతలు తీసుకుని వెళ్లిపోకుండా, పిల్లలున్న వేళ అరగంట వాళ్ల మధ్య నేల మీద కూర్చోవాలని, ఆ తర్వాతే కాగితం మీద సంతకం పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ