మన రియల్టర్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్య మిత్రులందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో ఉప్పల్, బోడుప్పల్, ఘట్‌కేసర్ వైపు కమీషన్ మీద బతికే మనకు ఈ ఏడాది తేలిగ్గా గడవలేదు. 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పాటైంది. అప్పటి నుంచి సైట్ విజిట్‌కు వచ్చే ప్రతి పార్టీ, అంటే కొనేవాళ్ళు, ధర కంటే ముందు "చెరువు ఎంత దూరంలో ఉంది?" అని అడుగుతోంది. అడగనీయండి, అది మంచిదే. 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా, అన్న నిబంధన హైడ్రాతో వచ్చింది కాదు, 2012 నుంచే ఉంది. అది చూడకుండా టోకెన్ తీసుకున్నవాళ్ళే ఇప్పుడు ఫోన్ ఎత్తలేకపోతున్నారు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉన్నాయి. పార్టీని బండి ఎక్కించుకునే ముందు పది నిమిషాలు అవి చూడమని ప్రతి నెలా సమావేశంలో చెబుతూనే ఉన్నాం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది ఫిబ్రవరిలో ఒక ఆదివారం పెట్టిన డాక్యుమెంట్లు చదివే శిబిరం. రిటైరైన సబ్ రిజిస్ట్రార్ గారు ఒకరు, సివిల్ కోర్టు న్యాయవాది గారు ఒకరు పైసా తీసుకోకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఉపన్యాసాలు పెట్టలేదు. ఒక ప్లాటుకు సంబంధించిన అయిదు లింకు డాక్యుమెంట్ల (ఆ ప్లాటు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన దస్తావేజుల) జిరాక్సులు ప్రతి బల్ల మీదా పెట్టి, తప్పు ఎక్కడుందో మీరే పట్టుకోండి అన్నారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) శుభ్రంగా ఉంది, సర్వే నంబరు సరిపోయింది, గజాలు సరిపోయాయి. అరగంట దాకా ఎవరికీ ఏమీ దొరకలేదు. చివరికి పీర్జాదిగూడ నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ, వృత్తిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు, హద్దుల పేరా దగ్గర వేలు పెట్టింది. మూడో డాక్యుమెంట్ దాకా తూర్పు హద్దు 20 అడుగుల రోడ్డు. నాలుగో దాంట్లో అదే తూర్పున పక్క ప్లాటు నంబరు రాసి ఉంది. అంటే మధ్యలో రోడ్డే మాయమైంది! ఆ ప్లాటును తూర్పు ఫేసింగ్ అని అమ్మి ఉంటే రేపు కొన్నవాళ్ళు ఎవరి ఇంటి ముందుకొచ్చి నిలబడేవారు? పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళం కూడా ఆ రోజు ఇంటికెళ్ళి మన ఫైళ్ళు మళ్ళీ తీసి చూసుకున్నాం.

ఆ ఇద్దరు పెద్దలకూ, హాలు ఉచితంగా ఇచ్చిన కాలనీ సంక్షేమ సంఘం వారికీ, జిరాక్సుల ఖర్చు తానే భరించిన మన ఉపాధ్యక్షులు గారికీ, భోజనాల ఏర్పాటు చూసిన మహిళా సభ్యులకూ, మైకు పెట్టిన తమ్ముడికీ సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వస్తామని పేర్లు రాయించుకుని రానివారు కూడా చాలామంది. ఏర్పాట్ల కమిటీలో పేరు వేయించుకున్నవారిలో సగం మంది ఆ రోజు కనబడలేదు. కుర్చీలు నేనూ కోశాధికారి గారూ మోశాం. పేరు బ్యానర్ మీద ఉంటే మనిషి హాలులో ఉండాలి, ఇంతకంటే నేను చెప్పను.

ఇక చట్టాల సంగతి. ప్రాజెక్టులు, ఏజెంట్లు రిజిస్టర్ కావాలనే రియల్ ఎస్టేట్ చట్టం రెరా గురించి ఎన్నిసార్లు చెప్పినా కొందరు వినడం లేదు. రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు రెరా ప్రాజెక్టులో అమ్మకం చేయించకూడదు, రెరా నంబరు తీసుకోవాల్సి ఉండీ తీసుకోని ప్రాజెక్టును ఏజెంటు అమ్మించకూడదు. తప్పితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, అమ్మించిన ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా. రెరా నంబరు రాకముందే అమ్మే ప్రీ లాంచ్ ఆఫర్లన్నీ ఇక్కడే ఇరుక్కుంటాయి. బిల్డర్ తప్పించుకోవచ్చు, పార్టీ మాత్రం మన గుమ్మం దగ్గరికే వస్తుంది. గత ఏడాది ఒక సభ్యుడి ఇంటి ముందు నలుగురు కొనుగోలుదారులు రాత్రి పదింటి దాకా కూర్చున్నారు. వాళ్ళ డబ్బు ఆయన తినలేదు, తీసుకున్నది కమీషనే. అయినా ఆయన భార్య ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఎవరు తీరుస్తారు? అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి బిల్డర్ డబ్బు తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. ఆ మాట పార్టీకి మనమే ముందు చెప్పాలి.

పన్నుల విషయంలో 2024 అక్టోబర్ 1 నుంచి రెండు మార్పులు వచ్చాయి. మన కమీషన్ ఇచ్చేటప్పుడే కోసే పన్ను, టీడీఎస్, 5 నుంచి 2 శాతానికి తగ్గింది. ఇది మనకు ఊరట. రెండోది, 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తికి కట్టే 1 శాతం టీడీఎస్‌లో ఇప్పుడు మొత్తం ధరనే చూస్తారు. భార్యాభర్తలు చెరి 40 లక్షలు పెట్టి 80 లక్షల ఫ్లాట్ కొంటే, ఒక్కొక్కరి వాటా 50 లోపే కదా అని వదిలేయడానికి లేదు.

అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ ఫీజులో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు మన ఆఫీసు గదిలో రోజూ ఇద్దరు సభ్యులు కూర్చుని జనం అప్లికేషన్లు చూసి పెట్టారు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి అయిదేళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళే ఎక్కువ. చెరువులకు దగ్గరున్నవి, 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో) పడ్డ సర్వే నంబర్లవి ముందుకు కదల్లేదు. తప్పుగా జాబితాలో చేరిన నంబర్ల గురించి సంఘం లెటర్‌హెడ్ మీద ఒక కార్యాలయానికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మూడుసార్లూ ముద్ర వేసి తీసుకున్నారు, ఒక్కసారీ జవాబు లేదు. నాలుగోసారి వెళ్తే పాత కాగితాలు కనబడటం లేదు, మళ్ళీ ఇవ్వమన్నారు. మళ్ళీ ఇచ్చాం. ఇస్తూనే ఉంటాం.

2025 ఏప్రిల్ 10న 22 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుకింగ్ మొదలైంది, ఏప్రిల్ 14న భూముల రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. వ్యవసాయ భూములు చూసే సభ్యులకు ఇందులో పనికొచ్చేది అప్పీలు. రికార్డులో తప్పు పడితే ఇంతకుముందులా నేరుగా సివిల్ కోర్టుకే పరుగెత్తాల్సిన పని లేకుండా, పై అధికారి దగ్గర అప్పీలు చేసుకునే దారి పెట్టారు. దీని మీద ఆ న్యాయవాది గారే మరో రోజు వచ్చి చెబుతామన్నారు.

జమాఖర్చులు ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. వివరాలు కోశాధికారి గారు చదువుతారు. చందా బకాయి ఉన్నవారు ఈ రోజే కడితే వారి పేర్లు చదవాల్సిన అవసరం ఉండదు.

రెరా ఏజెంట్ రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకే. గడువు దగ్గరపడినవారు రెన్యూవల్‌కు సాయం కావాలంటే మంగళవారం సాయంత్రాలు ఆఫీసుకు రండి. డాక్యుమెంట్ల శిబిరం ఈసారి రెండు రోజులు పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. పని చేయగలిగినవారే పేరు ఇవ్వండి, కాగితం తలుపు పక్కన బల్ల మీద ఉంది.

కృతజ్ఞతలతో,
కార్యదర్శి