ఇంటి లైనక్స్ కంప్యూటర్లతో ఈ ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యవర్గం తరఫున ఈ ఏడాది నివేదిక మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు, వాటి జోలికి నేను పోను. నేను చెప్పేదంతా విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో, నెలనెలా మనం కూర్చుని విప్పిన చిక్కుముడుల గురించే. అందులో కొన్ని మనం వేసినవే. అవి కూడా దాచకుండా రాశాను.

నిరుడు ఇదే సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం. ఎవరైనా కంప్యూటర్ పట్టుకొస్తే మొదటి గంటలో "మళ్లీ ఇన్‌స్టాల్ చేసేద్దాం" అన్న మాట ఎవరూ ఎత్తకూడదు. దానికి బదులు మూడు ప్రశ్నలు అడగాలి. ఎప్పటి నుంచి ఇలా ఉంది? అంతకు ముందు ఏం మార్చారు? తెర మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు చదువుతారా? చెప్పడం తేలికే గానీ, మొదటి రెండు నెలలూ ఈ నియమాన్ని తప్పింది కార్యవర్గం వాళ్లమే. మూడో ప్రశ్న దగ్గర మాత్రం అందరూ తడబడ్డారు. "ఏదో ఎర్రర్ వచ్చిందండీ, ఓకే కొట్టేశాను" అంటారు. ఆ ఏదో ఏమిటో తెలిస్తే సగం పని అయిపోయినట్టే కదా. అందుకని ఇప్పుడు ఎర్రర్ కనబడగానే ముందు ఫోన్‌తో ఫొటో తీయమంటున్నాం. ఈ ఏడాది మన పని తేలికైందంటే ఎక్కువగా ఆ ఫొటోల వల్లే.

కొత్తగా వచ్చినవాళ్లు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 పెట్టుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లాంటివి కావాలి, పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అవి లేవు. బంగారంలా పనిచేసే మెషీన్‌ని మూలన పడేయడానికి మనసొప్పక ఆ తర్వాత చాలామంది మన దగ్గరికి వచ్చారు. వాళ్లకు ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూపించాం. వైఫై, సౌండ్, తెర, ప్రింటర్ అక్కడే పరీక్షించి, నచ్చాకే డిస్కు మీద చెయ్యి వేశాం. ఒకరి కంప్యూటర్ మరీ పాతది, ప్రాసెసర్ 32 బిట్‌ది. లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్‌కి 2025 ఆగస్టు 9న విడుదలైన 13వ వెర్షన్‌లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. దానికి డెబియన్ 12 పెట్టి ఇచ్చాం. ఎన్నాళ్లొస్తే అన్నాళ్లు.

మాస్టారి గడియారం

ఈ ఏడాది నాకు బాగా గుర్తుండిపోయిన కేసు ఇది. రిటైర్డ్ మాస్టారు ఒకాయన సీపీయూ మోసుకుని వచ్చారు. "ఇంటర్నెట్ వస్తోంది బాబూ, ఒక్క సైటూ తెరుచుకోవట్లేదు. భద్రత లేదు, భద్రత లేదు అని భయపెడుతోంది" అన్నారు. కేబుల్ మార్చారట, రూటర్ మార్చారట, బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశారట. అప్‌డేట్ చేయబోతే రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే సర్వర్) ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని మెసేజ్. ఈ "ఇంకా" అన్న మాట దగ్గర మనవాడు ఒకడు ఆగాడు. "మాస్టారూ, పైన టైము చూశారా?" అన్నాడు. "అది తప్పు చూపించడం నాకు అలవాటేలే" అన్నారాయన. గడియారం మీద నొక్కితే క్యాలెండర్ తెరుచుకుంది. దాదాపు రెండేళ్లు వెనక ఉంది.

సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ రెండేళ్ల వెనక బతుకుతుంటే, నిన్నమొన్న ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ దానికి ఇంకా పుట్టనివే. ఇంతకీ తేదీ ఎందుకు వెనక్కి పోయింది? మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 కాయిన్ సెల్ అయిపోయింది. సెల్ పోతే కంప్యూటర్‌ని మొదట లేపే బయోస్ ఎప్పటిదో తేదీ ఇస్తుంది. లైనక్స్‌లో మిగతా ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టే సిస్టమ్‌డీ మాత్రం గడియారాన్ని తను తయారైన తేదీ కంటే వెనక్కి పోనివ్వదు, అందుకే రెండేళ్లతో ఆగింది. అయినా ఇంటర్నెట్ ఉన్నాక టైము దానంతటదే సర్దుకోవాలి కదా అని మీకు అనుమానం రావాలి. మాకూ వచ్చింది. మాస్టారే ఆటోమేటిక్ టైమ్ ఆపేశారు. ఎప్పుడో ఏడాది కింద.

అసలు మొదలు అక్కడుంది. ఆయన అదే మెషీన్‌లో విండోస్ కూడా వాడతారు. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ అదే గడియారాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. దీంతో ఇటు నుంచి అటు మారినప్పుడల్లా గంటల తేడా, సరిగ్గా మన టైమ్ జోన్ ఎంతో అంత. విసిగిపోయి "ఈ ఆటోమేటిక్ వల్లే" అనుకుని దాన్ని ఆపేశారు, తర్వాత మర్చిపోయారు. సెల్ మార్చాం, ఆటోమేటిక్ టైమ్ మళ్లీ పెట్టాం, టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లైనక్స్‌ని కూడా స్థానిక సమయానికే ఒప్పించాం. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో యూటీసీ వాడమని చెప్పడం ఇంకా శుభ్రమైన దారి. మాస్టారు మాత్రం రిజిస్ట్రీ అనగానే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆయన కంప్యూటర్, ఆయన ఇష్టం.

మన తప్పు

నిరుడు ఒక సమావేశంలో అందరి చేతా టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ పెట్టించాం. అప్‌డేట్ చెడితే నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చని గొప్పగా చెప్పాం. ఆరు నెలలు తిరిగేసరికి ఒక సభ్యురాలు ఫోన్ చేశారు. "పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నానండీ. ఒక్క క్షణం నల్లగా అయి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోంది." పాస్‌వర్డ్ తప్పైతే తప్పని చెబుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు, అంటే లోపలికి పోయి వెనక్కి తిరిగొస్తోంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కమన్నాం. నల్లతెర మీద లాగిన్ వచ్చింది, పాస్‌వర్డ్ తీసుకుంది. డిస్కులో చోటెంతో చూపే డీఎఫ్ మైనస్ హెచ్ కమాండ్ కొడితే, సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ 100 శాతం నిండి ఉంది. డెస్క్‌టాప్ మొదలవ్వాలంటే చిన్నాచితకా ఫైళ్లు రాసుకోవాలి, చోటే లేదు.

వీడియోలు కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తరలించాం, పది జీబీ పైనే ఉంటాయి. మళ్లీ చూస్తే ఖాళీ సున్నా! ఇంకో రెండు జీబీ తీసినా సున్నాయే. ఆవిడకి టెన్షన్, నిజం చెప్పాలంటే మాకూ. తర్వాత వెలిగింది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) కోసం పక్కన పెడుతుంది. 500 జీబీ పార్టిషన్‌లో అది 25 జీబీ. రూట్ హక్కులతో నడిచే ప్రోగ్రామ్ అయితే ఆ పక్కన పెట్టిందీ తినేయగలదు. అలా తిన్నది తిరిగి పూడే వరకు మనం ఎంత ఖాళీ చేసినా మన లెక్కలో సున్నాయే కనబడుతుంది. ఇంతకీ తిన్నది ఎవరు? ఏ ఫోల్డర్ ఎంత చోటు తిందో చూపే డీయూ కమాండ్ కొట్టి చూస్తే టైమ్‌షిఫ్ట్ ఫోల్డర్.

టైమ్‌షిఫ్ట్ మామూలుగా మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ని వదిలేస్తుంది. మనం డెమోలో హోమ్‌ని కూడా కలిపే ఆప్షన్ టిక్ పెట్టి చూపించాం. ఆవిడ చూసింది చూసినట్టు చేశారు, ఆవిడ తప్పేమీ లేదు. వీడియోలన్నీ స్నాప్‌షాట్లలోకి (టైమ్‌షిఫ్ట్ తీసి దాచే నకళ్లు), అదీ అదే డిస్కులోకి చేరాయి. ఆ రోజు డెమో విన్నవాళ్లందరూ దయచేసి ఇవాళే సెట్టింగ్ చూసుకోండి. హోమ్‌కి టిక్ తీసేయండి, స్నాప్‌షాట్లు రెండో మూడో చాలు, ఇంకో డిస్కు ఉంటే అందులోకి మళ్లించండి. పాతవి తీసేటప్పుడు ఫోల్డర్ పట్టుకుని డిలీట్ కొట్టకుండా టైమ్‌షిఫ్ట్ లోంచే తీయండి. ఫొటోలకి, డాక్యుమెంట్లకి బ్యాకప్ వేరే. దాన్నీ దీన్నీ కలిపి చెప్పడమే ఆ రోజు మేం చేసిన పొరపాటు.

ఇదే లక్షణంతో మరో కేసు వచ్చింది గానీ డిస్కు ఖాళీగానే ఉంది. అక్కడ హోమ్‌లో డెస్క్‌టాప్ తెరవడానికి కావాల్సిన ఎక్స్‌అథారిటీ అనే కనబడకుండా దాగి ఉండే ఫైలు రూట్ పేరు మీదకి పోయి ఉంది. గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ని సుడోతో, అంటే రూట్ హక్కులతో, నడిపితే ఒక్కోసారి ఇలా అవుతుంది. చోన్ కమాండ్‌తో ఫైలు యజమానిని మార్చాం, రెండు నిమిషాల పని. లక్షణం ఒకటే, జబ్బులు రెండు. డీఎఫ్ చూడకుండా మొదలుపెట్టి ఉంటే ఆ రోజు రాత్రయ్యేది.

అతికించిన కమాండ్లు

ఒకాయన అప్‌డేట్ చేయబోతే ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) వేసే డీపీకేజీకి లాక్ దొరకలేదని వచ్చింది. ఎక్కడో చదివి లాక్ ఫైలునే డిలీట్ చేశారు. నిజానికి ఆ సమయంలో వెనక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది, లాక్ పెట్టింది అదే. ఇద్దరూ ఒకేసారి ప్యాకేజీల మీద పడ్డారు. డీపీకేజీ మైనస్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ కొట్టి, ఆపై ప్యాకేజీలు తెచ్చి పెట్టే ఆప్ట్ చేత సగంలో ఆగినవి పూర్తి చేయించి బయటపడ్డాం. పది నిమిషాలు ఆగి ఉంటే అసలు సమస్యే లేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాక అది పట్టని కేసులు కూడా ఈ కోవలోనే వచ్చాయి. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకునే ఏర్పాటు) ఉన్న మెషీన్‌లో బయటి డ్రైవర్ వేస్తే, తర్వాతి బూట్‌లో ఒక్కసారి నీలం తెర వచ్చి కీ నమోదు చేయమంటుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది వెళ్లిపోతుంది. మనవాళ్లు సరిగ్గా అప్పుడే కాఫీకి లేస్తారు. డ్రైవర్ లోడ్ కాదు, ఆ తర్వాత ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. మా దగ్గరికి వచ్చేసరికి మొదటి సమస్య ఏదో కనిపెట్టడానికే రెండు గంటలు. కెర్నెల్ (లైనక్స్ గుండె లాంటి భాగం) అప్‌డేట్ తర్వాత తెర రాకపోతే మాత్రం కంగారు పడకండి. కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకుంటే చాలాసార్లు మామూలుగా తెరుచుకుంటుంది. మిగతాది లోపలికి వచ్చాక చూసుకోవచ్చు.

సౌండ్ రాలేదన్న ఫిర్యాదులన్నీ కలిపి ఒక్క వాక్యం: మానిటర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే సౌండ్ అటు పోతోందేమో ముందు సెట్టింగ్స్‌లో చూడండి.

తెలుగు విషయాలు

తెలుగు అక్షరాల బదులు గళ్లు కనబడితే ఫాంట్ లేనట్టే. డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్ రకాల్లో ఫాంట్స్ తెలు అనే ప్యాకేజీ వేసుకోండి. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే దాని ఎక్స్‌ట్రా ప్యాకేజీలో ఉన్నాయి. టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ అనే ప్రోగ్రామ్‌లు కలిపి పెడితే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ లేఅవుట్లు అన్నీ వస్తాయి. లాగౌట్ అయి మళ్లీ వస్తే గానీ జాబితాలో కనబడవు, ఇది ప్రతి నెలా ఎవరో ఒకరికి చెబుతూనే ఉన్నాం. టెర్మినల్‌లో ఒత్తులు విడిపోతే మీ తప్పు కాదు. టెర్మినల్ అక్షరాలను గళ్లలో సర్దుతుంది, మన ఒత్తులు ఆ గళ్లలో ఇమడవు.

కొత్తగా నేర్చుకున్నది ఒకటుంది. పాత డిస్కులోంచి వ్యాసాలు కాపీ చేసుకుంటున్న ఒక సభ్యుడికి మధ్యలో "ఫైలు పేరు చాలా పొడవు" అని ఆగిపోయింది. ఆయన ఫైలు పేర్లలోనే వ్యాసం సారాంశం రాసుకుంటారు. విండోస్ డిస్కులు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకి 255 అక్షర సంకేతాల దాకా చోటుంది. ఈఎక్స్‌టీ4లో 255 బైట్లే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్ 8 పద్ధతిలో మన సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు, అంటే 85 సంకేతాలతో సరి. గుణింతం, పొల్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. లక్ష్మి అన్న మాట కంటికి రెండక్షరాలే, డిస్కుకి 21 బైట్లు. డిస్కు చెడిపోయిందేమోనని ఆయన స్మార్ట్ (డిస్కు ఆరోగ్యం చెప్పే) పరీక్ష కూడా చేయించుకుని వచ్చారు పాపం. పేర్లు కుదించాం, కాపీ పూర్తయింది. సారాంశాలు ఫైళ్ల లోపల రాసుకోమని బతిమాలాం.

చేయలేకపోయినవి, చేయాల్సినవి

టెర్మినల్ భయం పోగొట్టే తరగతులు పెడతామని చెప్పి ఒక్కటే పెట్టగలిగాం. తరచూ వచ్చే ఎర్రర్లకు తెలుగులో వివరణలు రాసే పని మొదలై సగంలో ఉంది. రాసేవాళ్లు ముగ్గురున్నారు, చదివి తప్పులు చెప్పేవాళ్లు కావాలి. కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్లు అక్కర్లేదు, తెలియనివాళ్లే కావాలి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన ఒక్కటే. ప్రతి సభ్యుడూ కంప్యూటర్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఏ సెట్టింగ్ మార్చినా తేదీ వేసి ఒక్క లైను రాయాలి. కాగితమే ఎందుకంటే, కంప్యూటర్ తెరుచుకోని రోజున అందులో రాసుకున్నది చదవలేం. మాస్టారు ఇప్పటికే మొదలుపెట్టారు. మొదటి పేజీలో సెల్ మార్చిన తేదీ ఉంది. చర్చించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

చివరగా, సంఘం లైవ్ పెన్‌డ్రైవ్‌లు రెండు తిరిగి రాలేదు. ఒకదాని మీద తెల్ల స్టిక్కర్ ఉంటుంది, మెమరీ పరీక్ష ఉన్నది అందులోనే. ఎవరి దగ్గర ఉన్నా సమావేశం అయ్యాక నా బల్ల మీద పెట్టేయండి, పేరు అడగం. లోపలున్నవి చెరిపేసి పాటలు ఎక్కించుకుని ఉంటే కూడా ఫరవాలేదు, మళ్లీ రాసుకుంటాం.

కార్యదర్శి