బట్టల మూటలకు దారి చూపిన మా బరంపురం వాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇల్లు ఖాళీ చేసి ఒడిశాలోని మన బరంపురం వచ్చేస్తున్నామని, ఇంటినిండా వాడిన బట్టలున్నాయని, ఎవరికి ఇస్తే పనికొస్తాయో చెప్పమని వేసవిలో మిమ్మల్నందరినీ అడిగాను. ఎంతమంది పలికారో! కొందరు ఫోన్ చేశారు, కొందరు ఏకంగా ఇంటికొచ్చి సాయం పట్టారు. ఆఖరి మూట కూడా చేరాల్సిన చోటికి చేరిపోయింది. పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనే ఉంది గానీ, పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు. అందుకే వరసలతోనే రాస్తున్నాను. ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది.

ముందుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మన గేట్‌బజారు అక్కకు. మన ఊళ్లో అయితే పిల్లల బట్టలు పొట్టివైపోతే పిన్ని కూతురికో, ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్లలకో వెళ్లిపోతాయి. అక్కడ ఎవరికిస్తాం? పక్కింటివాళ్లకిస్తే ఏమనుకుంటారోనని మొహమాటం, పారేయడానికి చేతులు రావు. అలా ఏళ్ల తరబడి పెట్టెల్లో పడి ఉన్నాయి. అక్క ఒక శనివారం పొద్దున్నే వచ్చి, మా హాల్లో చాప వేసుకుని కూర్చుంది. ప్రతి చొక్కా కాలరు మడత విప్పి చూసింది. జేబుల్లో చెయ్యి పెట్టి చూసింది. స్వెటర్ మోచేతులు వెలుతురుకు పట్టి చూసింది. "ఆక్స్‌ఫామ్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ లాంటి వాళ్లు మనం ఇచ్చినవి దుకాణంలో అమ్మి, ఆ డబ్బుతో సేవ చేస్తారమ్మా. ఇంకొకరు డబ్బిచ్చి కొనుక్కునేలా ఉంటేనే ఇవ్వాలి" అంది. మావారు అక్కడ ఆదాయపు పన్ను కట్టేవారు కాబట్టి గిఫ్ట్ ఎయిడ్ ఫారం కూడా దగ్గరుండి నింపించింది. ఆ ఫారం ఉంటే, మన బట్టలు అమ్మగా వచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు ఆ సంస్థకు అందుతాయి. మనకు అదనంగా పైసా ఖర్చవదు. అక్కడ కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ఈ సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

స్కూల్ యూనిఫాంల దారి కూడా అక్కే చెప్పింది. ఇంగ్లండ్‌లో వాడిన యూనిఫాంలు తల్లిదండ్రులకు దొరికేలా స్కూళ్లే చూడాలని 2021లో ప్రభుత్వం నిబంధన తెచ్చింది. లోగో ఉన్న స్వెటర్లు కొత్తవి కొనాలంటే మామూలు ఇళ్లకు బరువే. మా పిల్లలవి ఉతికి ఇస్త్రీ చేసి స్కూల్లోనే ఇచ్చేశాం. దుకాణానికి తగనివి సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఉండే బట్టల డబ్బాల్లో వేశాం. చెప్పులు జత విడిపోకుండా కట్టి వేయాలి, సంచి మూతి బిగించాలి, దుకాణం మూసేశాక గుమ్మం ముందు మూట వదిలి రాకూడదు. రాత్రి వాన పడిందంటే అన్నీ పాడైపోతాయి.

ఇక పర్లాకిమిడి మేష్టారి గురించి ఎంత రాసినా తక్కువే. ఆయన గజపతి జిల్లా మోహనా వైపు కొండల్లో ఒక హాస్టల్ పిల్లలకు పాఠాలు చెబుతారు. ఎక్కువమంది సవర గిరిజన పిల్లలు. డిసెంబరు, జనవరిలో అక్కడ చలి మన బరంపురం చలిలా ఉండదు. "స్వెటర్లు ఉంటే అక్కడ ఇచ్చేయకండి, పెట్టెల్లో ఖాళీ ఉంటే తెండి" అన్నారు. అనడంతో ఆగలేదు. ఆయనే టేపు పట్టుకుని పిల్లల ఛాతీ, చెయ్యి పొడవు కొలిచి, కాగితం మీద రాసి ఫోటో పంపించారు. కింద ఒక మాట రాశారు: "ఒక తరగతిలో అందరికీ సరిపోతేనే పంచుతాను. పది మందికి ఇచ్చి పదకొండో వాడికి లేదంటే, ఆ పిల్లాడు రాత్రంతా దుప్పట్లో ఏడుస్తాడు."

ఆ కాగితం మా ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. నాకు తెలిసిన తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ కొలతల స్వెటర్లు అడిగి తెచ్చాను. విమానంలో మనిషికి ఇచ్చే 23 కిలోల పెట్టెల్లో మా సామాను తగ్గించుకుని అవే సర్దాం. అయినా పెద్ద కొలతల్లో కొన్ని తక్కువ పడ్డాయి. అది విని మన బట్టల కొట్టు బావగారు ఏమీ అడక్కుండా, చలికాలం స్వెటర్లు అమ్మే, అదే గజపతి జిల్లా చంద్రగిరిలో స్థిరపడ్డ టిబెటన్ల దగ్గర కొత్తవి కొని లోటు పూడ్చారు. డబ్బు తీసుకోమంటే తీసుకోలేదు. బావగారూ, మీ మంచి మనసు నేను మరిచిపోను. మూట విప్పినప్పుడు మేష్టారు కొత్తవీ పాతవీ కలిపేసి, కొలత ప్రకారం పంచారు. ఎవరిది కొత్తదో పిల్లలకు తెలియలేదు.

మేష్టారికి ఇంత పట్టింపు ఎందుకో తరవాత చెప్పారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను కుదిపేశాక, కొండ ఊళ్లకు మూటలు మూటలుగా బట్టలు వచ్చాయట. తెచ్చినవాళ్లు మంచి మనసుతోనే తెచ్చారు. విప్పి చూస్తే జిప్పు పోయిన జీన్సు ప్యాంట్లు, ఒంటి చెప్పులు, గౌన్లు. అక్కడి ముసలివాళ్లు అడిగింది లుంగీలు, నేత చీరలు, దుప్పట్లు. అడిగి తెచ్చేవాళ్లు ఉంటే బాగుండేదని ఆయన బాధ. దేశమంతా ఇలాంటి పని చేసే గూంజ్ సంస్థ గురించి కూడా ఆయనే చెప్పారు. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టారు. ఊరివాళ్లు బావి పూడిక తీసుకున్నా, బాట వేసుకున్నా ఆ శ్రమకు గుర్తింపుగా బట్టలు అందిస్తారు, చెయ్యి చాచి అడగాల్సిన పని ఉండదు. వినగానే నాకు ఎంతో నచ్చింది.

చీరల సంగతి రాయకపోతే బడాబజారు పెద్దమ్మ ఊరుకోదు. మా అత్తగారి నూలు చీరలు, నా పాతవి కలిపి బీరువా నిండా ఉన్నాయి. కట్టుకోవడానికి పనికిరావు, పారేసేంత చెడిపోలేదు. స్టీలు గిన్నెలావిడ కొన్ని తీసుకుంది, నైలాన్ వేరు, నూలు వేరు చేసి. మిగతావి పెద్దమ్మ చూసి, "బొంతలు కుడతాను, అంచులు మాత్రం నువ్వు విప్పు" అంది. నాలుగైదు చీరలు పొరలుగా పరిచి, చుట్టూ టాకాలు వేసి, నడిమి నుంచి సన్నటి వరస కుట్టు తీసుకుంటూ వస్తుంది. అరచేత్తో రుద్దుతూ ముడతలు సరిచేస్తుంది. డెబ్బై దాటిన కళ్లు, అయినా కుట్టు వంకర పోదు. కూలి ఇస్తే ముందు వద్దంది. మనవడి ఫీజుకు వస్తుందని నచ్చజెబితే తీసుకుంది.

ఆ బొంతలు మన ఊరి ఎంకేసీజీ పెద్దాసుపత్రికి చేర్చాం. ఒడియా వాళ్లే కాదు, ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి నుంచి కూడా మనవాళ్లు అక్కడికే వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది, వెంట వచ్చినవాళ్లు వరండాలో చాప మీద పడుకుంటారు. అక్కడ పనిచేసే ఒక నర్సు దీదీ మాకు దారి చూపింది. వార్డుల్లోకి బయటి గుడ్డలు తేవద్దని, వరండాలో ఉన్నవాళ్లకు చీకటి పడ్డాక ఇవ్వమని, ఫోటోలు మాత్రం తీయొద్దని చెప్పింది. డ్యూటీ దిగాక ఇంటికి వెళ్లకుండా మాతోపాటు నడిచి, ఎవరికి నిజంగా అవసరమో చూపించింది. దీదీ తెలుగు చదవలేదు, ఇది చదివినవాళ్లెవరైనా ఆమెకు చెప్పండి.

చిరిగిన బనియన్లు, నూలు ముక్కలు మోటార్ షెడ్ తమ్ముడు చేతులు తుడుచుకోవడానికి తీసుకెళ్లాడు. మూటలు మోసిన మా వీధి కుర్రాళ్లకు, ఆటోకు డబ్బు తీసుకోని మావయ్యకు, ఒడియాలో మాట్లాడి పెట్టిన చెల్లికి, అందరికీ చేతులెత్తి నమస్కారం. పరాయి దేశంలో ఉన్నన్నాళ్లూ నాలో ఉన్న టెన్షన్, ఇంత మంచి బట్ట వృథా పోతుందేమోనని, మీ వల్ల తీరింది.

సంక్రాంతికి విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే నాకు ముందుగా చెప్పండి. ఈసారి మేష్టారికి పై తరగతి ఆడపిల్లల స్వెటర్లు కావాలి, చేతులు పొడవుగా ఉన్నవి, ముదురు రంగులైతే మేలు. కొలతల కాగితం పంపిస్తాను. నూలు చీరలుంటే పెద్దమ్మ దగ్గరకు నేనే తీసుకెళ్తాను. ఆమె కుట్టు కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.