గులాం యజ్దానీ గారి జీవితచరిత్ర కోసం మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

పురావస్తు శాస్త్రవేత్త గులాం యజ్దానీ గారి జీవితచరిత్రను తెలుగులో వెలువరించి, ఆయన నివేదికలను పునర్ముద్రించాలని కోరుతూ మేము ఇచ్చిన వినతిపత్రాలకు నేటికీ సమాధానం రాలేదు కనుక, గత్యంతరం లేక ఇలా రాస్తున్నాను. ‘పరిశీలిస్తాం’ అన్న మాట చాలాసార్లు విన్నాము. ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉన్నదో చెప్పేవారు మాత్రం లేరు.

ఆయన ఎవరో తమకు నేను చెప్పనక్కరలేదు. 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడినది మొదలు 1943 వరకు దానిని నడిపిన ఆయన, పదవీ విరమణ తర్వాత కూడా పని ఆపక, అజంతా గుహల చిత్రాలపై తాను వెలువరిస్తూ వచ్చిన సంపుటాలలో చివరిదానిని 1955లో వెలువరించారు. పాలంపేట గుళ్ళపై ఆయన నివేదిక వచ్చినది 1922లో. ఆ పాలంపేటలోనే ఉన్న రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినది 2021లో. ఆ సంబరాలలో నేను విన్న ప్రసంగాలలో ఒక్కదానిలోనూ ఆయన పేరు వినిపించలేదు. అది నన్ను ఎంతో బాధించింది.

గుళ్ళనే కాదు, మన పల్లెవాసులు రాక్షస గుళ్ళని పిలిచే బృహత్ శిలా సమాధులను, అంటే పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన ప్రాచీన సమాధులను కూడా ఆయన పట్టించుకున్నారు. వాటిలో దొరికిన కుండల మీది గీతలను ఒక్కొక్కటిగా నకలు తీయించి, ఆ గీతలలో కొన్ని ప్రాచీన లిపి అయిన బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉన్నాయని 1917 నాటి వ్యాసంలో చూపారు. అవి అక్షరాలా, కుమ్మరి గుర్తులా అన్నది నేటికీ తేలలేదు. తేల్చవలసిన విద్యార్థికి ఆ వ్యాసమే అందడం లేదు. నగరంలోని ఒక గ్రంథాలయంలో నేను చూసిన ఆ వ్యాసపు ప్రతికి అట్ట ఊడి, కాగితం పసుపుబారి, పుట తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. జిరాక్సు తీస్తే మరింత పాడవుతుందని సిబ్బంది ఒప్పుకోలేదు, వారిని తప్పుపట్టలేను. కానీ అయ్యా, ఇంకొన్ని వానాకాలాలు గడిస్తే ఆ గీతల నకళ్ళు ఏమవుతాయి? సమాధి రాళ్ళు ఇప్పటికే కంకరగా, ఇళ్ళ స్థలాలుగా మారిపోతున్న చోట, ఆ కాగితాలే కదా మిగిలే ఆధారం?

1959లో పద్మభూషణ్ అందుకున్న ఆ మహనీయుని గురించి తెలుగులో ఒక సమగ్ర గ్రంథం వేయించండి. నివేదికలను స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో ఉంచండి. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఆయన కృషిని చూపే ఒక గది కేటాయించండి. ఇవన్నీ ఒక్కసారే కాకపోయినా, స్కానింగు పనినైనా ఈ ఏడాదే మొదలుపెట్టించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను. వీలుకాదంటే ఆ మాటే రాతపూర్వకంగా తెలియజేయండి. అనుమతి ఇస్తే మేమే చందాలు వేసుకుని ఆ పని చేయిస్తాము.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
హైదరాబాద్