స్తంభాల మధ్య జాలర్ల దారి

సంపాదకులకు నమస్కారం.

ముంబయి కోస్టల్ రోడ్డు గురించి మాట్లాడితే అందరూ మలబార్ హిల్ కింద తవ్విన రెండు కిలోమీటర్ల జంట సొరంగాలనే మెచ్చుకుంటారు. మెచ్చుకోదగ్గవే. పన్నెండు మీటర్లకు పైగా వ్యాసమున్న ‘మావళా’ యంత్రం కొండనూ నేలనూ తొలుచుకుంటూ పోవడం సామాన్యం కాదు.

నాకు మాత్రం వర్లీ కోలివాడ అనే జాలర్ల పేట దగ్గర సముద్రంలో దిగిన ఈ రోడ్డు వంతెన స్తంభాలే ఎక్కువ గుర్తుంటాయి. మొదటి నమూనాలో అక్కడ రెండు స్తంభాల మధ్య ఎడం 60 మీటర్లు. గాలివాన పోటు మీదున్నప్పుడు ఆ సందులోంచి పడవ నడపడం ప్రాణాల మీదికి వస్తుందని కోలీ జాలర్లు మొత్తుకున్నారు. నీళ్ల మీదే పుట్టి పెరిగినవాళ్ల మాట అది. పనులు ఆగాయి, వాదనలు నడిచాయి. చివరికి 2023లో ఒక స్తంభాన్ని తీసేసి ఎడం 120 మీటర్లు చేయడానికి నగరపాలక సంస్థ ఒప్పుకుంది. అదే మాట పునాదులు వేయకముందే అడిగి ఉంటే ఎంత కాలం, ఎంత డబ్బు మిగిలేది!

ఇప్పుడు ఈ రోడ్డును ఉత్తరాన వెర్సోవా నుంచి దహిసర్, భాయందర్ దాకా పొడిగిస్తున్నారు. ఆ దారిలో మడ అడవులున్నాయి, చేపలు గుడ్లు పెట్టే పాయలున్నాయి, వాటిని నమ్ముకున్న కోలివాడలున్నాయి. స్తంభం ఎక్కడ దిగాలో గీసే ఇంజనీర్లు ముందుగా ఒక పోటు వేళ జాలర్లతో కలిసి పడవెక్కాలి. పడవలు తిరిగే దారులను పటం మీద గుర్తించి, కోలివాడల్లో మరాఠీలో అందరికీ కనిపించేలా పెట్టాలి. నరికే ప్రతి మడ చెట్టుకు బదులు ఎక్కడ నాటుతున్నారో కూడా ఆ పటంలోనే చూపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు