ఫోను చేతిలో పెట్టింది ఎవరు?

అయ్యా,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి, రాయాలా వద్దా అని ఊగిసలాడి చివరికి కలం పట్టాను. కరోనా పోయి ఇన్నేళ్లయినా పిల్లల్లో దిగులు, భయం, చదువంటే విరక్తి ఎందుకు తగ్గలేదని విలేకరి అడిగితే, ఒక అధికారి చెప్పిన కారణం ఒక్కటే: ఫోన్లు. తల్లిదండ్రులు వాటిని లాక్కుంటే అంతా సర్దుకుంటుందట!

అసలు ఆ ఫోను వాళ్ల చేతిలో పెట్టింది ఎవరండీ? 2020 మార్చిలో బడులకు తాళాలు వేశారు. సెప్టెంబరు 1 నుంచి టీవీలోనో ఫోనులోనో పాఠాలు వినమన్నారు. మా వీధిలో ఆటో నడిపే ఆయన, బండి కదలని రోజుల్లో వడ్డీకి తెచ్చి కొడుక్కి ఫోను కొన్నాడు. ఇప్పుడు తప్పంతా ఆయనదే అయింది.

పోనీ, ఫోను సంగతి వదిలేద్దాం. 2021లో మన తెలంగాణలో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు జరిగింది ఆ అధికారికి గుర్తుందా? పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయి అందరూ పాసైన పిల్లలు వాళ్లు. కాలేజీలు ఫిబ్రవరిలో తెరిచి మార్చిలో మళ్లీ మూశారు. పరీక్షలు లేకుండానే రెండో సంవత్సరంలోకి పంపారు. తీరా ఆ పుస్తకాల్లో మునిగాక, అక్టోబరులో వెనక్కి పిలిచి మొదటి సంవత్సరం పరీక్షలు పెట్టారు. డిసెంబరు 16న ఫలితాలిస్తే పాసైనవాళ్లు 49 శాతం. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఊరూరా గొడవయ్యాక 24న, తప్పిన వారందరికీ 35 మార్కులు వేసి పాస్ చేశామన్నారు. ఆ బుద్ధేదో 16వ తేదీకి ముందే పుట్టకూడదా?

మా మనవరాలు ఆ బ్యాచే. ఆ ఎనిమిది రోజులూ గది తలుపు తీయలేదు. పాసైందని చెబితే, ‘‘తాతయ్యా, నేను పాసయ్యానా, పాస్ చేశారా?’’ అంది. ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు జవాబు తోచలేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 2019లో 10,335 మంది, 2021లో 13,089 మంది. ఇదంతా ఫోన్ల పుణ్యమేనా? వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో. మొన్న మా దగ్గరి కాలేజీకి వెళ్లి అడిగితే, ఇంగ్లిషు లెక్చరర్‌కే ఆ బాధ్యత అప్పగించామన్నారు. ఆయన గదిలో పాత జవాబుపత్రాల కట్టలు తప్ప రెండో కుర్చీ లేదు. పిల్లవాడు నిలబడి ఏడవాలి కాబోలు! ఆటస్థలమా, అది ఎప్పుడో బైకుల స్టాండైంది. గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీకి మాత్రం ఏటా కొత్త రంగులు.

మనసు బాగోలేనివాళ్లు ఫోను చేసి మాట్లాడుకునేందుకు కేంద్రం 2022 అక్టోబరులో టెలిమానస్ అనే హెల్ప్‌లైన్ పెట్టింది. మంచిదే, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ ఆ నంబరు ఆ కాలేజీ నోటీసు బోర్డులో వెతికాను, లేదు. ఫీజు గడువు తేదీ మాత్రం మూడుచోట్ల ఉంది.

నా లేఖ పొడవైంది, తెలుసు. ఎక్కడ కోసినా ఫర్వాలేదు, 14416 అన్న ఆ టెలిమానస్ నంబరు మాత్రం ఉంచండి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ